అవ్వకు సగం కైకిలి ఇచ్చిన, ఆదివారం సువార్త విన్నంక మనసున పడతలేదు

బత్తాయి_తోట
24 సెప్టెంబర్ 2023, రాత్రి 9:40

అందరికి నమస్తే. రెండేండ్ల సంది చదువుడే గాని రాసింది లేదు. ఇయ్యాల రాయాలనిపిచ్చింది.

మాది నల్లగొండ దగ్గర పల్లె, నాలుగెకరాల బత్తాయి. పోయిన బుధవారం పాదులల్ల కలుపు తీయించిన. ఎనిమిది మంది ఆడోళ్లు తొమ్మిదింటికి ఆటోల దిగిండ్రు, మనిషికి నాలుగు వందలు మాట్లాడుకున్నం. ఇంకో అవ్వ ఆటో అందక రెండు గంటలకు నడుసుకుంట వచ్చింది. పొద్దుగాల బీపీ గోలీల కోసం దవాఖానల లైన్ల నిలబడ్డదట. "వచ్చినవు గద, పట్టు" అన్న. ఐదింటికి అందరికి నాలుగు వందలు, అవ్వకు రెండు వందలు ఇచ్చిన. చేసింది మూడు గంటలు, ఇచ్చింది సగం కైకిలి. లెక్క ప్రకారం ఎక్కువనే ఇచ్చిన అనుకున్న. అవ్వ ఏమనలే. కొంగుకు ముడేసుకొని పోయింది.

ఇయ్యాల గుడిల పూజల బైబిల్ నుంచి మత్తయి సువార్త 20వ అధ్యాయం చదివిండ్రు. ద్రాక్షతోట యజమాని, కూలోళ్లు. తెల్లారంగ వచ్చినోళ్లకు, సాయంత్రం ఐదింటికి వచ్చినోళ్లకు ఒక్కటే కైకిలి, తలా ఒక దేనారం ఇస్తడు, ముందుగాల వచ్చినోళ్లు సణుగుతరు. మా నాయిన కైకిలి మనిషే, అందుకే చిన్నప్పటి సంది ఆ కథను కూలోళ్ల దిక్కు నిలబడి విన్న. ఇయ్యాల మొదటిసారి యజమాని దిక్కు నిలబడి విన్నట్లయింది. ఫాదర్ గారు ఐదు నిమిషాలల్ల ప్రసంగం ముగించి గుడి రంగుల చందా మీదికి పోయిండ్రు. నేను మాత్రం సాయంత్రం ఐదింటికి వచ్చినోళ్ల చేతిల దేనారం పెట్టిన కాడనే ఆగిపోయిన.

నేను తప్పు చేసిన్నా? పూర్తి కైకిలి ఇయ్యాల్నా? ఇస్తే మిగతా ఎనిమిది మందికి ఏం జెప్పాలె?


దేవరకొండ_ట్రాక్టర్
24 సెప్టెంబర్, రాత్రి 10:05

అన్నా, తప్పేం లేదు, పండుకో.

నేను పత్తి పెడత. పత్తి ఏరుడుకు కిలో లెక్క, ఎవరు ఎంత ఏరితే అంత. దాంట్ల లొల్లే లేదు. నువ్వు రెండు గంటలకొచ్చిన మనిషికి పూర్తి కైకిలి ఇస్తే ఎల్లుండి ఆటోనే రెండు గంటలకు వస్తది. ఆ ద్రాక్షతోటాయన మర్నాడు పొద్దుగాల అడ్డా మీదికి పోతే ఒక్క మనిషన్న దొరికిండా లేదా, మత్తయి రాయలే.


ఉపదేశి_గారబ్బాయి
25 సెప్టెంబర్, ఉదయం 6:20

బాబూ, మీ ప్రశ్నలో రెండు సంగతులు కలిసిపోయాయి. ఒకటి న్యాయం, ఒకటి దయ. నేను బడిపంతులుగా పనిచేసి రిటైరైనవాణ్ణి, మా నాన్నగారు నాలుగు ఊళ్లకు ఉపదేశి. సైకిల్ మీద తిరుగుతూ ఈ ఉపమానం చెప్పేటప్పుడు ఆయన ముందు ధర్మశాస్త్రం చెప్పి తర్వాతే ఇక్కడికి వచ్చేవారు.

ద్వితీయోపదేశకాండము 24:14-15 చూడండి. పేదవాడైన కూలివాని కూలిని పొద్దు గుంకకముందే ఇచ్చేయాలి, అతని ప్రాణం దాని మీదే ఉంది. లేవీయకాండము 19:13 కూడా అదే, తెల్లవారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దని. తోబీతు తన కొడుక్కు చెప్పిన బుద్ధుల్లోనూ ఈ మాట ఉంది, 4:14. యాకోబు లేఖ 5:4లోనైతే పట్టి ఉంచిన కూలి తానే కేకలు వేస్తుంది, కోత కోసినవాళ్ల మొర ప్రభువు చెవిన పడుతుంది. అందుకే మన కతోలిక సభ బోధల గ్రంథం సత్యోపదేశం కూలివానికి చేసే అన్యాయాన్ని ఆకాశానికి మొరపెట్టే పాపాలలో లెక్కవేసింది (1867వ పేరా). ఉపమానంలో యజమాని సాయంత్రం కాగానే కూలి ఇచ్చేయమంటాడు కదా, ఆ ఒక్క వాక్యంలో మోషే ధర్మశాస్త్రమంతా ఉంది.

మీరు అదే రోజు చేతిలో పెట్టారు. మన జిల్లాల్లో అది చిన్న విషయం కాదు. న్యాయం వరకు మీరు తప్పలేదు. దయ సంగతి వేరే, దానికి నేను తీర్పు చెప్పలేను.


మందిరం_తమ్ముడు
25 సెప్టెంబర్, ఉదయం 7:02

అయ్యగారూ, మాది జడ్చర్ల దిక్కు మెన్నొనైట్ మందిరం, ప్రొటెస్టెంట్లం. మంచిగ చెప్పిండ్రు. తోబీతు మాత్రం మా బైబిల్లో వెతికి వెతికి అలసిపోయిన.


ఉపదేశి_గారబ్బాయి
25 సెప్టెంబర్, ఉదయం 7:30

తమ్ముడూ, మీ బైబిల్లో 66 పుస్తకాలు, మా కతోలిక బైబిల్లో 73. ఆ ఏడింటిలో ఒకటది. మా ఇంటికి రా, చాయ్ తాగుతూ చదువుదాం.


సెమినరీ_సగం
25 సెప్టెంబర్, మధ్యాహ్నం 1:15

నాలుగేండ్లు చదివి బయటికొచ్చినవాణ్ణి, అందుకే ఈ పేరు. రెండు చిన్న సంగతులు చెప్పి పోతా.

ఒకటి, బేరం. తెల్లవారుజామున వచ్చినవాళ్లతో ఒక దేనారం అని ముందే ఒప్పందమైంది. దేనారమంటే ఆ రోజుల్లో ఒక దినకూలి. తొమ్మిదింటికి దొరికినవాళ్లతో "న్యాయమైనది ఇస్తా" అన్నాడు, అంతే. పన్నెండుకు, మూడింటికి వచ్చినవాళ్లకూ అదే మాట. ఐదింటికి దొరికినవాళ్లతో ఎంతిస్తాడో ఒక్క ముక్క లేదు. "మీరు కూడా పోండి" అన్నాడు, పోయారు. పొద్దు జరిగినకొద్దీ బేరం తగ్గి నమ్మకం పెరిగింది. సణిగింది ఎవరో చూడండి, బేరం గట్టిగా కుదుర్చుకున్నవాళ్లే.

రెండు, 13వ వచనంలో యజమాని సణిగేవాణ్ణి "మిత్రమా" అంటాడు. వినడానికి తియ్యగా ఉంటుంది. ఆ గ్రీకు మాటతో మత్తయి ఇంకో ఇద్దరిని పిలిపించాడు: ఇంకో ఉపమానంలో పెండ్లిబట్ట లేకుండా విందుకొచ్చినవాణ్ణి (22:12), గెత్సేమని తోటలో ఏసును పట్టించిన యూదాను (26:50). మన ఊళ్లో పెద్దమనిషి "ఏమయ్యా" అన్నప్పుడు వీపు చల్లబడుతుంది చూడండి, అట్లాంటి పిలుపు.

దేవరకొండ అన్నకు: ఈ కథకు ముందు 19:27లో శిష్యుడు పేతురు ఏసును అడిగింది చదువు. అన్నీ విడిచిపెట్టి నీ వెంట వచ్చినం, మాకేం దొరుకుతది అని. ఈ కథ ఆ అడిగినదానికి వచ్చిన జవాబు. కూలి రేట్లు కట్టే పట్టిక కాదు.


దేవరకొండ_ట్రాక్టర్
25 సెప్టెంబర్, మధ్యాహ్నం 1:40

అయితే మరి బత్తాయన్న ఎందుకు బాధపడుతుండు? నేను చెప్పిందే గద నువ్వు గుడ చెప్పింది, జర గ్రీకు కలిపి.


ఆశీర్వాద_బాట
25 సెప్టెంబర్, సాయంత్రం 6:11

(ఈ పోస్టు తొలగించబడింది)


వేదిక_నిర్వాహకురాలు
25 సెప్టెంబర్, సాయంత్రం 6:30

పదిమందికి పంపకపోతే కీడు జరుగుతుందనే బొమ్మలు ఇక్కడ పెట్టవద్దు, ఎన్నోసారి చెప్తున్నా. చర్చ కొనసాగించండి.


పాలమూరు_బిడ్డ
25 సెప్టెంబర్, రాత్రి 11:50

డ్యూటీ అయిపోయి ఇప్పుడే చదివిన. నేను నర్సును. మాది కోస్గి దిక్కు. "పాలమూరు లేబర్" అని పేపర్ల రాస్తరు గద, ఆ లేబర్ మా నాయిన.

మొదలు గుంపు మేస్త్రీ కింద పుణె పోయిండు. పండుగకు అడ్వాన్స్ తీసుకునుడు, తట్ట పార సర్దుకొని బస్సెక్కుడు, పనైనంక లెక్క చూసుకుంటే అడ్వాన్స్‌కు వడ్డీకి సరిపోవుడు. ఒక ఏడు ఆరు నెలల కైకిలి ఆ మేస్త్రీ దగ్గర్నే ఉండిపోయింది, ఇయ్యాల్టికి రాలే. యాకోబు లేఖల కూలి కేకలు పెడతదని సార్ రాస్తే మా అమ్మ గొంతు వినబడ్డది నాకు.

తర్వాత హైదరాబాద్ వచ్చినం, నాయిన అడ్డా మీద నిలబడుడు షురూ చేసిండు. మీరంత సాయంత్రం ఐదింటి గురించి మాట్లాడుతుండ్రు. ఐదింటి దాక ఎవరు మిగుల్తరో తెల్వాలంటే అడ్డా చూడాలె. ఆరింటికి మేస్త్రీలు బండ్ల మీద వస్తరు. ముందుగాల భుజాలు చూస్తరు. పోరగాండ్లు మొదటి బండ్ల పోతరు. ఎనిమిదింటికి నడీడోళ్లు. పది దాటినంక మిగిలేది ముసలోళ్లు, చంకల పిల్ల ఉన్నోళ్లు, దగ్గు ఆపుకోలేనోళ్లు. "ఎందుకు ఊకెనే నిలబడ్డరు" అని యజమాని అడిగితే "మమ్ముల ఎవ్వరు పిలువలే" అన్నరు వాళ్లు. ఇది సోమరిపోతులు చెప్పే మాట కాదు. రోజంత బజార్ల నిలబడి నలుగురి కండ్ల ముందర ఎవ్వరికి పనికిరాకుండ పోయినోళ్లు చెప్పే మాట.

పొద్దుగాలనే కుదిరినోడికి ఎండ ఉంటది గాని గుండెల దడ ఉండదు. కైకిలి ఖాయమైంది, పొద్దుమీకి పిల్లలు తింటరు. నడుము నొస్తది, మనసు నొయ్యది. ఐదింటిదాక నిలబడ్డోడు ఒక్క తట్ట ఎత్తకుండనే రోజంత బరువు మోసిండు. ఆ యజమాని దానికి గుడ కైకిలి కట్టిండని నేననుకుంట.

ఇంకొకటి. మా నాయిన కొన్ని రోజులు కాళ్లకు సిమెంటు లేకుండ ఇంటికొచ్చేటోడు. గా రోజు మాకు సంబురం, ఎందుకంటే కడుక్కునే దాక ఆగకుండ ఎత్తుకుంటుండె. పని దొరకని రోజు చాయ్ హోటల్ కాడ పొద్దుగూకే దాక కూసోని, పనోళ్లు వచ్చే యాళ్లకు ఇంటికొస్తుండెనని మాకు పెద్దగైనంక తెలిసింది.

బత్తాయన్నా, మీ అవ్వ గుడ ఎక్కడనో నిలబడే వచ్చింది గద.


బత్తాయి_తోట
26 సెప్టెంబర్, ఉదయం 5:35

చెల్లె, చదివిన. మల్ల రాస్త.


సెమినరీ_సగం
26 సెప్టెంబర్, ఉదయం 9:10

పాలమూరు చెల్లె రాసింది చదివినంక నా గ్రీకు నాకే ఎబ్బెట్టుగా ఉంది.

పితృపాదులు, అంటే తొలి శతాబ్దాల సభ గురువులు, ఈ గంటలను ఎట్లా అర్థం చేశారో కూడా చెప్తే బాగుంటుందని రాస్తున్నా. పునీత పెద్ద గ్రెగోరీ పాపుగారు ఈ సువార్త మీద చేసిన ప్రసంగంలో తెల్లవారుజాము ఆదాము నుంచి నోవా వరకు, మూడో గంట (పొద్దుపొడుపు నుంచి లెక్క, అంటే మన తొమ్మిది) నోవా నుంచి అబ్రహాము వరకు, ఆరోది మోషే వరకు, తొమ్మిదోది క్రీస్తు రాక వరకు, పదకొండోది అక్కణ్ణుంచి లోకాంతం వరకు అన్నారు. అవే గంటలను మనిషి వయసుకూ సరిపోల్చారు. బాల్యంలో పిలుపు వినేవాళ్లుంటారు, ముసలితనంలో వినేవాళ్లుంటారు. ఏసు పక్కన సిలువ మీద చివర్లో ఆయన్ను నమ్మిన దొంగ చివరి గంటలోవాడు, పేతురుకన్నా ముందు పరదైసుకు పోయాడు.


పాలమూరు_బిడ్డ
26 సెప్టెంబర్, మధ్యాహ్నం 3:25

సార్, పాపుగారి మీద గౌరవం ఉన్నది. గాని మా నాయిన అడ్డా మీద నిలబడ్డది నోవా కాలం కాదు. ప్రతిసారి ఈ కూలోళ్లను ఇంకేదో చేసి చెప్తరు. యూదులు అంటరు, అన్యులు అంటరు, యుగాలు అంటరు. ఒక్కసారన్న కూలోళ్లను కూలోళ్లు అనుకొని చదవరాదా?


ఉపదేశి_గారబ్బాయి
26 సెప్టెంబర్, సాయంత్రం 5:00

అమ్మాయీ, నువ్వన్నది నిజమే, అట్లా చదివినవాళ్లూ మన కతోలిక సభలో ఉన్నారు. సీరా గ్రంథం 34వ అధ్యాయంలో కూలివాని కూలి ఎగ్గొట్టినవాడు నెత్తురు చిందించినట్లే అని ఉంది. 1514లో క్యూబాలో బర్తొలోమె దె లాస్ కాసాస్ అనే స్పానిష్ గురువు పెంతెకోస్తు పండుగ ప్రసంగానికి సిద్ధమవుతూ ఈ సీరా అధ్యాయం దగ్గర ఆగిపోయారు. అప్పటికి ఆయన కింద వెట్టి చేసే అక్కడి ఆదివాసులు ఉన్నారు. యుగాలని, ఉపమానమని దాటేయలేదు. వాళ్ల మీద తన హక్కును వదులుకొని, మిగతా జీవితమంతా వాళ్ల పక్షాన వాదిస్తూ గడిపారు.

1891లో 13వ లియో పాపుగారు కార్మికుల గురించి రాసిన లేఖలో కూడా ఒక మాట ఉంది. ఇద్దరూ ఒప్పుకున్నంత మాత్రాన కూలి న్యాయమైనదైపోదు, పొదుపుగా బతికే కూలివాణ్ణి పోషించేంత ఉండాలి అని. నిన్న నేను "న్యాయం వరకు తప్పలేదు" అని తేల్చేశాను. తొందరపడ్డానేమో.


పోచంపల్లి_మగ్గం
26 సెప్టెంబర్, రాత్రి 8:45

నేను మీ మతం కాదు, మగ్గం నేసేటోణ్ణి. గణేశ్ మండపం డప్పులకు నిద్ర రాక చదువుతున్న, నిమజ్జనం దాక ఇంతే. ఈ కథ గురించి మాకు గుడ ఒక సంబంధం ఉన్నదని చెప్పనీకె రాస్తున్న.

ఇంగ్లండుల రస్కిన్ అని ఒకాయన 1860ల వ్యాసాలు రాసిండు. వాటికి పెట్టిన పేరు మీ కథల 14వ వచనంల మాటనే, "ఈ కడపటివానికి కూడా" అని యజమాని అంటడు సూడుండ్రి, అదే. 1904ల దక్షిణాఫ్రికాల జొహానెస్‌బర్గ్ నుంచి డర్బన్ పోతూ గాంధీ రైలుల ఆ పుస్తకం చదివిండు, రాత్రంత నిద్రపోలేదట. వకీలు పనికి మంగలి పనికి విలువ ఒక్కటే అని దాంట్ల పట్టుకున్నడు. 1908ల గుజరాతీల దాని సారం రాసి "సర్వోదయ" అని పేరు పెట్టిండు.

ఆ సర్వోదయ పట్టుకొనే వినోబా భావే నడుసుకుంట మా ఊరికొచ్చిండు. 1951 ఏప్రిల్ 18. సాయుధ పోరాటంల నల్లగొండ జిల్లా అట్టుడికిన కాలం. హరిజనవాడల నలభై కుటుంబాలోళ్లు ఎనభై ఎకరాలు అడిగిండ్రు, నలభై తరి (నీటి పారకం), నలభై కుష్కి (మెట్ట). వెదిరె రామచంద్రారెడ్డి లేచి వంద ఎకరాలు ఇస్తనన్నడు. భూదానం గట్ల మొదలైంది. తర్వాత దేశంల దానమిచ్చిన భూముల ఎంత పేదలకు చేరింది, ఎంత కాయితాల మీదనే ఉన్నది, అది వేరే కథ, నన్ను అడగకుండ్రి.

మీ ఏసు చెప్పిన కూలోళ్ల కథ లండన్ పోయి, ఆఫ్రికా పోయి, తిరిగి తిరిగి మా ఊరి భూమి మీదికే వచ్చింది. గందుకని రాసిన.


మందిరం_తమ్ముడు
26 సెప్టెంబర్, రాత్రి 9:20

అన్నా, ఇది మా పాస్టర్ గారికి గుడ తెల్వదు. ఈ ఆదివారం ఆయనకు చెప్పి నేను గొప్పోణ్ణయిత.


దేవరకొండ_ట్రాక్టర్
27 సెప్టెంబర్, ఉదయం 6:50

అందరు మంచిగ రాస్తుండ్రు. నేను చెడ్డోని లెక్క కనబడుతున్న. నా బాధ గుడ వినుండ్రి. బత్తాయి టన్ను ధర దళారి చెప్తడు, పత్తి ధర ఇంకోడు చెప్తడు, డీజిల్ ధర బంకోడు చెప్తడు. రైతు చేతిల ఉన్న ఒకే ఒక్క ధర కైకిలి. అందుకే దాని మీదనే మా గీర. ఆ ద్రాక్షతోటాయనకు అప్పులున్నయా? బోరు ఎండిందా? ఇచ్చేంత ఉన్నది గనుక ఇచ్చిండు.

అవ్వ సంగతి మాత్రం పాలమూరు చెల్లె రాసినంక నాకు గుడ గొంతు పట్టింది. ఇస్తే ఇయ్యన్నా. గాని ఎవ్వరు చూడకుండ ఇయ్యి.


బత్తాయి_తోట
4 అక్టోబర్, రాత్రి 10:15

ఆలస్యానికి మాఫ్ చేయాలె. ఏం జరిగిందో చెప్త.

మొన్న సోమవారం మల్ల అదే ముఠాను పిలిచిన. అవ్వ గుడ ఆటోల వచ్చింది. మర్నాడు గాంధీ జయంతి అనుకుంటే అదే రోజు గాంధీ జయంతి, పోచంపల్లి అన్న గుర్తొచ్చిండు. పొద్దుమీకి కైకిలి ఇచ్చేటప్పుడు దేవరకొండ తమ్ముడు చెప్పినట్ల ఎవ్వరు చూడకుండ ఇద్దామనుకున్న. గాని బత్తాయి చెట్ల కింద ఎనిమిది మంది ఆడోళ్ల కండ్లు తప్పిచ్చుడు మనతోని కాదు. అవ్వకు ఆరు వందలు ఇచ్చిన, "అవతలి బుధవారంవి రెండు వందలు బాకీ ఉంటి" అని. అవ్వ ఎందుకని అడగలే. నోట్లు లెక్కవెట్టుకొని కొంగుకు ముడేసుకున్నది, నాడు ఎట్ల వేసుకున్నదో అట్లనే.

మొదలైంది లొల్లి. "మేం తొమ్మిదింటి సంది నడుము వంచితిమి, ఆమె రెండింటికి వచ్చె, ఇద్దరికి ఒకటేనా?" అని ముఠా పెద్ద అన్నది. సువార్తల ఉన్నది ఉన్నట్టు. నాకు నవ్వొచ్చింది, ఆమెకు ఇంకింత కోపమొచ్చింది. "నా పైసలు నా ఇష్టం" అని 15వ వచనం చెప్దామని నోటిదాక వచ్చింది. చెప్పలే, మంచిదైంది.

ఎందుకంటే అంతల ఇంకో ఆమె లేసి, "మల్ల పోయిన నెల నా బిడ్డకు జొరమొచ్చి ఆలస్యమైతే నాకు వంద కోసినవు గద, అది?" అన్నది. నాకు యాదికే లేదు. ఇంటికి పోయి కైకిలి పుస్తకం తీసి చూసిన. ఉన్నది. నా చేతిరాతనే. ఆమె పేరు పక్కకు "100 తక్కువ" అని, కింద గీత గుడ గీసిన. పుస్తకం ముందటికి తిప్పితే ఇంకో ఇద్దరివి దొరికినయి. ఒక్క అవ్వ కాడ దయ చూపిద్దామని పోతే పుస్తకమంత బయటికొచ్చింది. మంగళవారం నాడు ముగ్గురి ఇండ్లకు పోయి ఇచ్చొచ్చిన.

ముఠా పెద్ద మాత్రం ఒక మాట అన్నది, అదే తిరుగుతుంది నా తలకాయల: "ఇస్తే ఇచ్చినవు, మాకు ముందుగాల ఇచ్చి పంపియ్యకపోయినవా? మేం చూడకనే పోదుము."


సెమినరీ_సగం
4 అక్టోబర్, రాత్రి 10:40

8వ వచనం! కడపట వచ్చినవాళ్లతో మొదలుపెట్టమని గృహనిర్వాహకునికి చెప్పింది యజమానే. మొదటివాళ్లకు ముందు ఇచ్చి ఉంటే దేనారం తీసుకొని సంతోషంగా ఇంటికి పోయేవాళ్లు, సణుగుడే లేదు. నాలుగేండ్లు చదివినా నాకిది తట్టలే, మీ ముఠా పెద్దకు తట్టింది. ఆమెను సెమినరీకి పంపాలి.


పాలమూరు_బిడ్డ
5 అక్టోబర్, ఉదయం 7:05

అన్నా, ఆ పుస్తకం సంగతి రాసుడు అందరితోని కాదు. నాయినకు చదివి వినిపిచ్చిన. "వంద కోసింది రాసిపెట్టుకున్నడా, మంచోడే, మా మేస్త్రీ రాయను గుడ రాయలే" అన్నడు.


దేవరకొండ_ట్రాక్టర్
5 అక్టోబర్, ఉదయం 7:30

నా పుస్తకం నేను తెరువను. ముందే చెప్తున్న.

కాయ కోత అయ్యిందా అన్నా? ఏం ధర పలికింది?


బత్తాయి_తోట
5 అక్టోబర్, రాత్రి 9:00

సగం కోసిండ్రు తమ్మి, ధర చెప్పుకునేటట్టు లేదు.

శుక్రవారం మల్ల ముఠా వస్తుంది. ఆటో అవ్వ ఇంటి ముందర నుంచి తిప్పుకొని రమ్మని డ్రైవర్‌కు చెప్పిన. యాభై రూపాయలు ఎక్కువ అడుగుతుండు.